ఘనాల గళ్ళు దాటితే దూరం ఎంత?

స్కానర్ ఇచ్చిన త్రీడీ చిత్రంలో కణితికి, పక్కనున్న రక్తనాళానికి మధ్య ఎంత ఎడముందో కంప్యూటర్ చెప్పాలి. దాని చేతిలో స్కేలు లేదు. ఉన్నవల్లా వాక్సెళ్ళనే బుల్లి గళ్ళు. గడి నుంచి గడికి అడుగులు లెక్కపెట్టుకుంటూ పోవాల్సిందే.

ఈ లెక్కకు 1966లో పునాది వేసింది అమెరికా శాస్త్రవేత్తలు రోజెన్‌ఫెల్డ్, ఫాల్ట్జ్. బొమ్మను ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చదివితే చాలన్నారు. ప్రతి గడీ తన ఇరుగుపొరుగు గళ్ళ దూరాలకు ఒక అడుగు కలిపి, వచ్చినవాటిలో చిన్నదాన్ని ఉంచుకుంటుంది.

చిక్కంతా ఆ అడుగుతోనే. ఘనాకారపు గళ్ళలో మూలల మీదుగా పది గళ్ళ అవతలికి పోవాలనుకోండి. అసలు దూరం 17.32. ముఖాలు దాటుతూ నడిస్తే 30 అడుగులు, మూలల మీదుగా దూకితే 10. రెండూ తప్పే. 1980లలో స్వీడన్ శాస్త్రవేత్త గునిల్లా బోర్గెఫోర్స్ అడుగులకు విలువ కట్టారు: ముఖం దాటితే 3, అంచు దాటితే 4, మూల దాటితే 5. పది దూకులకు 50. ముఖం దాటే ఒక్క అడుగుకే 3 కాబట్టి, దాన్ని మూడుతో భాగిస్తే 16.67. ఎంత దగ్గరికొచ్చిందో చూడండి!

అసలు గడి ఘనంగానే ఎందుకుండాలి? ప్రతి ఘనం నడిమధ్యనా ఇంకో బిందువు పెడితే, ఒక్కో బిందువు చుట్టూ 14 ముఖాల గడి ఏర్పడుతుంది. ఎనిమిది షడ్భుజాలు, ఆరు చతురస్రాలు. మామూలు ఇనుములో పరమాణువులు కొలువుదీరేదీ ఈ అమరికలోనే. ఇందులో రెండు గళ్ళు తాకాయంటే ముఖం కలిసినట్టే. ఘనాలైతే ఒట్టి అంచుతోనో మూలతోనో కూడా తాకవచ్చు. అవి కలిసినట్టా కాదా అన్నది ప్రోగ్రామరే ప్రతిసారీ తేల్చుకోవాలి. 14 ముఖాల గళ్ళలో ఆ తగువు లేదు. 26 పొరుగు గళ్ళకు బదులు 14, మూడు రకాల అడుగులకు బదులు రెండు. పైగా అంతే వివరాన్ని సుమారు 30 శాతం తక్కువ బిందువులతో పట్టుకోవచ్చు. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో రాబిన్ స్ట్రాండ్ 2008లో ఇలాంటి గళ్ళ మీది దూరాలపైనే పరిశోధన గ్రంథం సమర్పించారు.

ఇన్ని సుగుణాలున్నా స్కానర్లు, ఫైళ్ళు, సాఫ్ట్‌వేర్ ఇంకా పెట్టెల గళ్ళనే పట్టుకుని ఉన్నాయి. ఇది అలవాటు బలమే తప్ప కొత్త గళ్ళ లోపం కాదని నా నమ్మకం. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థులు ఒకసారి ప్రయత్నించండి. మూడు నిరూపకాలూ సరిసంఖ్యలైన బిందువుల్ని, మూడూ బేసిసంఖ్యలైన బిందువుల్ని మాత్రమే ఉంచుకుంటే ఆ గళ్ళు సిద్ధం. బొమ్మను ముందు నుంచి చదివేటప్పుడు ఏడు పొరుగు గళ్ళను, వెనక నుంచి చదివేటప్పుడు మిగతా ఏడింటిని చూడండి.