పక్క డిపార్ట్‌మెంటులో అడిగారా?

కోసిగి, కౌతాళం చేలల్లో తీసిన పత్తి ఆదోని మార్కెట్ యార్డుకు ఎందుకొస్తుంది? కొనేవాళ్లు, జిన్నింగ్ మిల్లులు అక్కడున్నాయి కాబట్టి. ఎంఎస్ కోసం అమెరికా వెళ్లే ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలు టీచింగ్ అసిస్టెంట్‌షిప్ (టీఏ) వెతుక్కునేటప్పుడు మాత్రం ఈ లెక్క మరిచిపోతారు. కంప్యూటర్ సైన్స్‌లో చేరినవాళ్లు ఆ డిపార్ట్‌మెంటులోనే అడుగుతారు. అక్కడ లేదంటే ఇక ఎక్కడా లేదనుకుంటారు. నిజానికి గిరాకీ చాలాసార్లు పక్క డిపార్ట్‌మెంటులో ఉంటుంది.

టీఏ పని ఎక్కడ పుడుతుందో చూస్తే ఇది అర్థమవుతుంది. ప్రొఫెసర్ పాఠం చెప్పాక చిన్న బృందాలతో లెక్కలు చేయించడం, ల్యాబ్ నడపడం, పేపర్లు దిద్దడం టీఏ పనులు. అందుకు స్టైపెండ్ ఇస్తారు, చాలాచోట్ల ఫీజు మొత్తమో కొంతో మాఫీ చేస్తారు. ఈ కొలువుల సంఖ్య పీజీలో ఎంతమంది చేరారన్న దాన్ని బట్టి కాక, డిగ్రీ మొదటి రెండేళ్ల తరగతుల్లో ఎంతమంది కూర్చున్నారన్న దాన్ని బట్టి పెరుగుతుంది. క్యాలిక్యులస్, స్టాటిస్టిక్స్, ఫిజిక్స్ ల్యాబ్ లాంటివి చాలా కోర్సుల పిల్లలకు తప్పవు కనుక ఆ విభాగాలకు మనుషులు ఎక్కువ కావాలి. మనవాళ్ల రద్దీ మాత్రం వేరేచోట. 2023-24లో అమెరికాలో ఉన్న 3,31,602 మంది భారతీయ విద్యార్థుల్లో 1,96,567 మంది పీజీ స్థాయివాళ్లు. ఎక్కువమంది ఎంచుకునేది కంప్యూటర్లు, ఇంజినీరింగే. ఒకే వాకిట్లో ఇంతమంది నిలబడితే ఎందరికి దొరుకుతుంది?

వీసా అడ్డొస్తుందన్న భయం అక్కర్లేదు. ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో చేసే ఉద్యోగం చదువుకు సంబంధించినదే కావాలన్న నిబంధన లేదు. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు, అంతే. చదువుకు సంబంధం ఉండి తీరాలన్న షరతు ఓపీటీకి (చదివిన రంగంలో ఉద్యోగ శిక్షణకు) వర్తిస్తుంది. రెండింటినీ కలిపేసుకుని అసలు అడగకుండా ఊరుకునేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

గట్టి అభ్యంతరం మరొకటి ఉంది: సబ్జెక్టు తనది కాని మనిషి పాఠం చెబితే ఆ పిల్లలకు అన్యాయం కాదా? పీజీ స్థాయి కోర్సు అయితే అన్యాయమే. కానీ నాలుగేళ్లు ఇంజినీరింగ్ గణితం చదివినవాడికి మొదటి ఏడాది క్యాలిక్యులస్ పరాయిది కాదు. అక్కడ పరీక్షకు నిలిచేది వివరించే నేర్పు. అందుకే చాలా యూనివర్సిటీలు విదేశీ విద్యార్థికి తరగతి అప్పగించే ముందు ఇంగ్లీషు మాట్లాడే సామర్థ్యాన్ని విడిగా పరీక్షిస్తాయి. తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసి వినిపించే ఆదోనిలో ఎదుటివాడికి అర్థమయ్యేలా మాట మార్చుకోవడం పిల్లలకు చిన్నప్పటినుంచే అలవాటు. సాధన చేయాల్సింది ఇంగ్లీషులో.

సొంత చదువు దెబ్బతింటుందన్న ఆందోళన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. ఇరవై గంటలు తక్కువేమీ కాదు. అయితే 2011లో డేవిడ్ ఫెల్డన్ బృందం 'సైన్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, పరిశోధన మాత్రమే చేసిన సైన్స్, ఇంజినీరింగ్ పీజీ విద్యార్థుల కంటే పరిశోధనతోపాటు బోధన కూడా చేసినవాళ్లు పరికల్పనలు రూపొందించడంలో, ప్రయోగాలను డిజైన్ చేయడంలో ఎక్కువ మెరుగుపడ్డారని తేలింది. మన ఐఐటీల్లోనూ గేట్ ద్వారా చేరిన ఎంటెక్ విద్యార్థులు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్‌కు బదులుగా వారానికి 8 గంటలు ఇలాంటి పనే చేస్తారు.

ఒక మాట దాచకూడదు. ఏ విభాగమైనా ముందు తన పీహెచ్‌డీ విద్యార్థులకే ఇస్తుంది. ఎంఎస్ వాళ్లకు వచ్చేది మిగిలినది. కాబట్టి ఆఫర్ లెటర్ చేతికి రాకముందే ఆ డబ్బును బ్యాంకు లోను లెక్కలో కలపడం తల్లిదండ్రులకు ప్రమాదం. అడిగే తీరు కూడా ముఖ్యం. 'ఏదైనా ఉద్యోగం ఇప్పించండి' అని వంద మందికి పంపే మెయిల్‌ను ఎవరూ పట్టించుకోరు. ఆ విభాగంలో ఏ కోర్సు, దాని సిలబస్‌లో ఏ అధ్యాయాలు తాను చెప్పగలడు, ఆ సబ్జెక్టులో తన మార్కులెన్ని అన్నవి నాలుగు వాక్యాల్లో రాసి, సెమిస్టర్‌కు కొన్ని నెలల ముందే పంపాలి. మొదటి వారంలో మళ్లీ ఒకసారి వెళ్లి అడగాలి. ఎవరో ఒకరు రాకపోవడంతో చోటు ఖాళీ అయ్యేది అప్పుడే.