మల్బరీ మొగ్గకు జెల్లీ తొడుగు

పట్టుపురుగు తినేది మల్బరీ ఆకే కాబట్టి హిందూపురం, పలమనేరు ప్రాంతాల పట్టు రైతు రాబడి సగం తోటలోనే తేలిపోతుంది. మల్బరీ కాయలో గింజలుంటాయి, కానీ తోట వేయడానికి రైతు వాటిని వాడడు. పరపరాగ సంపర్కం వల్ల గింజ మొక్కకు తల్లి గుణాలు యథాతథంగా రావు. వి-1 అనే మల్బరీ రకం చెట్టు గింజ నాటితే వి-1 రాదు. అందుకే పెన్సిల్ లావున, మూడు కన్నులున్న కొమ్మ ముక్కలు నాటుతారు. ఇది చవక, నమ్మకమైన పద్ధతి. మరి ప్రయోగశాల ఎందుకు? కొన్ని మేలైన రకాల కొమ్మలు సరిగా వేరుపట్టవు. కొత్త రకం చెట్లు పది ఉంటే కొమ్మలూ అంతకు తగ్గట్టే దొరుకుతాయి. నారుతోపాటు వేరుబుడిపె నులిపురుగులు ఊరూరా తిరుగుతాయి.

టిష్యూకల్చర్ ఈ చిక్కులు విప్పుతుంది. కణుపు దగ్గరి చిన్న మొగ్గను శుభ్రపరచి, పోషకాల జెల్లీపై పెంచితే ఒకటి అనేకమవుతుంది. ఆ మొగ్గలను సోడియం ఆల్జినేట్ ద్రవంలో కలిపి, చుక్కచుక్కగా కాల్షియం క్లోరైడ్ నీటిలో వేస్తే ఒక్కో చుక్కా ఉడికిన సగ్గుబియ్యం గింజలా గట్టిపడుతుంది. అదే కృత్రిమ విత్తనం. ఆల్జినేట్ సముద్రపు గోధుమరంగు నాచు నుంచి వస్తుంది. 1987లోనే మన భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు మల్బరీ మొగ్గలను ఇలా పొదిగి మొక్కలు మొలిపించారు. ఇంత ముందే తలుపు తెరిచిన పనిని మనం ఇంకా తగినంత వాడుకోలేదని నా అభిప్రాయం.

ఖర్చు ఎక్కువ కదా అంటారు. నిజమే, మామూలు రైతు పొలానికి కొమ్మ ముక్కే మేలు. నేను వాదించేది తల్లితోటల గురించి. ఆరోగ్యమైన తల్లిమొక్కలు కొన్ని వందలుంటే చాలు, ఆ తర్వాత వాటి కొమ్మలే ఊళ్లకు వెళతాయి, ఖర్చు వాటన్నిటిమీదా పరుచుకుంటుంది. మొక్కల గుణం మారుతుందేమోనన్నది మరో భయం. రూపంలేని కణాల ముద్ద నుంచి పెంచితే ఆ ముప్పు ఎక్కువ, అప్పటికే ఏర్పడిన మొగ్గ నుంచి పెంచితే చాలా తక్కువ. నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం వేరే ఉంది: ఈ కృత్రిమ విత్తనంలో పిండం లేదు, వేరు లేదు. నేరుగా మట్టిలో వేస్తే తరచూ ఎండిపోతుంది, బూజు పడుతుంది. అందుకే ముందు ప్రయోగశాలలో వేరు పట్టించి, తేమగల నీడలో కొన్ని వారాలు బయటి గాలికి అలవాటు చేయాలి. నష్టం ఎక్కువగా జరిగేది ఈ దశలోనే. పరిశోధన డబ్బు వెళ్లాల్సిందీ ఇక్కడికే.

ఇక హోసూరులోని పట్టు జన్యువనరుల కేంద్రం కాపాడుతున్న వందల మల్బరీ రకాల సంగతి. పొలంలో చెట్టుగా నిలిపితే ప్రతి రకానికీ నేల, నీరు, కూలీ కావాలి. ఒక్క వేరుకుళ్లు చాలు, రకమే పోతుంది. జెల్లీలో పొదిగిన మొగ్గలైతే ఓ చిన్న సీసాలో, చల్లని అలమరలో కొంతకాలం నిలుస్తాయి, పొలంలో చెట్టు పోయినా ఆ రకాన్ని మళ్లీ మొలిపించుకోవచ్చు.