రాలిన గూడ కోసి చూశాకే మందు సంగతి

పోయినేడు ముసురు తగ్గాక పత్తి చేలోకెళ్తే సాళ్ల నిండా గూడ రాలి ఉంది. పురుగే అనుకుని అగ్నిఅస్త్రం కలపబోయా. "ముందు ఏరి చూడరా" అంది అమ్మ.

ఇరవై ఏరి కోశా. మూడింటికే రంధ్రం, పురుగు రెట్ట ఉన్నాయి. మిగతావి లోపల శుభ్రంగా ఉన్నాయి. నిలిచిన నీటికి రాలినవే! కాలువ తీశా, వారంలో రాలడం తగ్గింది.

పత్తి గూడ, పిందె సగానికి పైగా తనంతట తానే రాల్చుకుంటుంది. విత్తనంలోనూ మెలిక ఉంది: ఆకు మీద నూగుంటే పచ్చదోమ తక్కువ, కానీ శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు ఆ నూగాకు మీదే గుడ్లు ఎక్కువ పెడుతుంది. నూగు రకం వేస్తే గుడ్ల మీద కన్నేయండి.

గూడ కోసి చూపించిన వీడియో కింద ఉంది. మీ చేలో ఇరవైకి ఎన్ని రంధ్రాలు?