గట్టిపడిన కాలేయములో గడ్డ

కామెర్లనగానే పసరు మందుకు పోయేవారు మన నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో నేటికీ ఉన్నారు. సారా వలన గాని, హెపటైటిస్ బి, సి వలన గాని కాలేయము గట్టిపడితే సిర్రోసిస్ అంటారు. అందులో క్యాన్సర్ గడ్డ పుట్టవచ్చును.

అయినను ఆశ వదలనవసరము లేదు. కాలేయము ఇంకను బాగా పనిచేయుచుంటే గడ్డ ఉన్న భాగమును కోసి తీసివేస్తారు. చెడిపోయి ఉంటే, కోయగా మిగిలిన ముక్క శరీరమును మోయలేదు. అప్పుడు కాలేయ మార్పిడియే మేలు. గడ్డతోపాటు జబ్బు కాలేయము కూడా పోతుంది. ఇంటివారిలో ఒకరు తమ కాలేయములో కొంత ఇవ్వవచ్చును.

అయితే మార్పిడికి హద్దున్నది. 1996లో ఇటలీలోని మిలాన్ వైద్యులు దానిని చూపారు: ఒకే గడ్డయితే 5 సెంటీమీటర్లు, రెండు మూడయితే ఒక్కొక్కటి 3 సెంటీమీటర్లు మించకూడదు. అంత చిన్న గడ్డకు సాధారణముగా నొప్పి ఉండదు.

కావున సిర్రోసిస్ ఉన్నవారు ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించుకోవాలి. సారా పూర్తిగా మానాలి. నొప్పి వచ్చేదాకా ఆగకండి.