తీసేయడమే అసలు పని

ఫొటోలు తీసే అలవాటున్నవారు మన కుటుంబాల్లో చాలామందే ఉన్నారు. ఫోన్లలో, హార్డ్ డిస్కుల్లో వేల ఫొటోలు ఉంటాయి. ‘మంచివి చూపించండి’ అని ఎవరైనా అడిగితే మాత్రం తడబడతాం. అలా చూపడానికి ఏరి, ఒక వరుసలో పెట్టుకున్న కొద్దిపాటి ఫొటోలే పోర్ట్‌ఫోలియో. ఆల్బమ్ వేరు. అందులో మేనత్త, బాబాయి అందరూ ఉండాల్సిందే, లేకపోతే గొడవలైపోతాయి!

ఎంత కఠినంగా ఏరాలి? స్విట్జర్లాండ్‌లో పుట్టిన రాబర్ట్ ఫ్రాంక్ 1955, 56 సంవత్సరాల్లో అమెరికా అంతా తిరిగి దాదాపు 27 వేల ఫొటోలు తీశాడు. వెయ్యికి పైగా ప్రింట్లు వేసి, గోడలకు అంటించి, నేలమీద పరిచి, ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాడు. 1958లో పారిస్‌లో వెలువడిన పుస్తకంలో చివరకు మిగిలినవి 83.

నా పోర్ట్‌ఫోలియోలో తొమ్మిదేళ్లపాటు మొదటి ఫొటో అరకు సూర్యోదయం. దానికోసం తెల్లవారుజామున మూడింటికి లేచి చలిలో వణికాను మరి. ఒకరోజు మా అమ్మాయి చూసి, “క్యాలెండర్ బొమ్మలా ఉంది నాన్నా” అంది. కోపం వచ్చింది. కానీ నా చలి చూసేవారికి కనబడదు కదా! తీసేశాను.

దాని స్థానంలో, వరండాలో చింతపండు గింజలు తీస్తున్న అమ్మ ఫొటో పెట్టాను. అమ్మ ఇప్పుడు లేదు. ఆమెను ఎరుగని ముగ్గురు సహోద్యోగులకు చూపించాను. ఇద్దరు ఆగకుండా తర్వాతి ఫొటోకి వెళ్లిపోయారు. వారం రోజులు ఆలోచించి దాన్నీ తీశాను. మొండి బాకీని ఖాతాల్లోంచి తీసేయడం ఇంతకన్నా సులువు.

తీసినవాటిని మాత్రం చెరిపేయకండి. ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరిమీద చంద్రోదయాన్ని తీశాడు. అదే నెగెటివ్‌ను దశాబ్దాల తరబడి మళ్లీ మళ్లీ ప్రింట్ చేశాడు. మొదటి ప్రింట్లలో మబ్బులతో తేలికగా ఉన్న ఆకాశం, తర్వాతివాటిలో దాదాపు నల్లగా మారింది. నెగెటివ్ అదే, ఆయన చూపు మారింది. మనకైతే కెమెరాలోని అసలు ఫైలే నెగెటివ్. వాట్సాప్‌లో పంపితే ఫొటో కుదించుకుపోతుంది కాబట్టి ఆ అసలు ఫైలును రెండు చోట్ల దాచుకోవాలి.

మనకు మూడేళ్లకోసారి బదిలీ ఎలాగూ తప్పదు. సామాన్లు సర్దేటప్పుడే నేను ఈ పనీ పెట్టుకుంటాను. కొత్తది ఒకటి చేరాలంటే పాతది ఒకటి పోవాలి, ఇరవై దాటకూడదు. వచ్చే బదిలీకి అమ్మ ఫొటోను నలుపు తెలుపుల్లో, ఆమె చేతుల వరకే కత్తిరించి చూడాలని ఉంది.