ఎముక సజీవమైన కట్టడము

ఎముక యన్నంతనే రాయివలె గట్టిదియు, ప్రాణములేనిదియు నగు వస్తువు మన మనస్సునకు తోచును. చితి చల్లారిన పిదప మిగులునది అదియే గదా! దేహము పోయినను తాను నిలుచునది గావున, బ్రదికియున్నంత కాలమును అది మార్పులేని జడపదార్థమేయని పెక్కురు తలంతురు. ఈ తలంపు సరియైనది కాదు. రక్తమెట్లు సజీవమో, చర్మమెట్లు సజీవమో, ఎముకయు నట్లే సజీవము. ఈ సంగతి నెఱుగుట పెద్దలకు మిక్కిలి యవసరము. ఏలయన, ముదిమియందు ఎముకను కాపాడుకొను ఉపాయమంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

మొదట ఎముకలెన్నియో చూతము. చరకసంహిత 360 అని చెప్పినది. సుశ్రుతసంహిత శల్యతంత్రము ననుసరించి 300 అని చెప్పినది. నేటి శాస్త్రజ్ఞులు ఎదిగిన మనుష్యునకు 206 అందురు. పూర్వులు దంతములను, తరుణాస్థులను గూడ చేర్చి లెక్కించిరి గనుక సంఖ్య హెచ్చినది. శిశువు పుట్టినప్పుడు ఎముకల భాగములు 206 కంటె ఎక్కువగానే యుండును. పెరిగినకొలది కొన్ని యొండొంటితో కలిసి యొక్కటియగును. పసిబిడ్డ నెత్తిమీద మెత్తగా కొట్టుకొను మాడు కపాలాస్థుల నడుమనున్న సందు. అది సాధారణముగా రెండవయేట మూసికొనును.

ఇక ఎముక దేనితో కట్టబడినది? మట్టిగోడ పెట్టువారు మట్టిలో వరిగడ్డి కలిపి త్రొక్కుదురు. మట్టి బరువును మోయును. గడ్డి బీటలు వాఱకుండ పట్టియుంచును. ఎముకయందును ఇట్టి రెండు ద్రవ్యములే కలవు. సన్నని మాంసకృత్తు పోగులు గడ్డివంటివి; కాల్షియము, భాస్వరము కలిసిన లవణము మట్టివంటిది. కోడియెముకను కొన్నిదినములు సిర్కాలో నానవేసినచో లవణము కరగిపోయి, ఎముక మెత్తబడి వంగును. నిప్పులో బాగుగా కాల్చినచో పోగులు నశించి, ఆకారము నిలిచినను నొక్కినంతనే పొడియగును. రెండును కలిసియున్నప్పుడే ఎముకకు బలము.

పైపొర దట్టముగా నుండును. లోపలి భాగము, ముఖ్యముగా కొనలయందు, తేనెపట్టువలె గుల్లగా నుండును. అందుచేతనే బరువు తక్కువయు, బలమెక్కువయు నగుచున్నది. దట్టమైన భాగమునందును సూక్ష్మమైన కాలువలు గలవని ఆంగ్లవైద్యుడు క్లాప్టన్ హేవర్సు 1691లో వర్ణించెను. వానిగుండ రక్తనాళములు పోవుచున్నవి. లోపలనున్న ఎఱ్ఱని మూలుగ రక్తకణములను పుట్టించును.

బాల్యమున పొడవైన ఎముకల కొనలయొద్ద తరుణాస్థి పెరుగుచు, క్రమముగా ఎముకగా మారును. యౌవనము వచ్చిన పిదప ఆ పెరుగుదల ఆగును. మనిషి పొడవగుటయు నిలిచిపోవును. కాని లోపలి పని నిలువదు. పాత ఎముకను కరగించు కణములు కొన్ని, క్రొత్తయెముకను కట్టు కణములు కొన్ని జీవితాంతము పనిచేయుచునే యుండును. పెద్దవారిలో ఏడాదికి ఇంచుమించు పదవవంతు ఎముక ఇట్లు క్రొత్తదగును. దేహములోని కాల్షియములో నూటికి 99 పాళ్లు ఎముకలయందే నిలువయున్నది. గుండె కొట్టుకొనుటకు, కండరములు కదలుటకు అది రక్తములో తగినంత యుండవలెను. ఆహారములో కొఱవడినచో దేహము ఈ గాదెనుండియే తీసికొనును.

మోసినకొలది ఎముక బలపడును, మోయనిచో చిక్కిపోవును. జర్మను వైద్యుడు జూలియస్ వోల్ఫు 1892లో ఈ నియమమును గ్రంథరూపమున ప్రకటించెను. బరువు తెలియని అంతరిక్షమునందు నెలలు గడపినవారికి తుంటియెముక నెలకు నూటికి ఒకపాలు, ఒకటిన్నర పాళ్లు తగ్గుచున్నది. మంచమునకే అంటిపెట్టుకొనియుండు వృద్ధునకును ఇట్టి నష్టమే కలుగును. ముప్పదియేండ్ల ప్రాయమునకు ఎముక నిలువ పరిపూర్ణమై, తరువాత మెల్లగా తఱుగును. ముట్లుడిగిన స్త్రీలకు ఈ తఱుగు మరింత వేగము. అందుచేత ఎముకలు గుల్లబారి, చిన్నపాటు పడినను విఱుగును.

"ముసలియెముక అతుకదు" అను మాట పల్లెలలో వినబడును. ఇది నిజముకాదు, ఆలస్యముగానైనను ముసలియెముకయు అతుకును. కాని తుంటియొద్ద తొడయెముక మెడ విఱిగినప్పుడు దాని తలకు పోవు రక్తనాళములు తెగవచ్చును. అది బద్దకట్టుతో నయమగునది కాదు. విధివ్రాతయని రోగిని పడుకొనబెట్టి యుంచినచో పుండ్లు, ఊపిరితిత్తుల జబ్బు ప్రాణము తీయును. ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చి, శస్త్రచికిత్స చేయించి, వైద్యుడు చెప్పినంతనే లేపి నడిపింపవలెను.

సజీవమగుటచేతనే ఎముక కీడునుగూడ గ్రహించును. నీటిలో ఫ్లోరైడు అధికమైనచో అది ఎముకలోచేరి, వెన్నును కీళ్లను బిగియించును. నెల్లూరు ప్రాంతమునందు ఈ వ్యాధి 1937లో వైద్యపత్రికకెక్కినది. నల్లగొండ ప్రజలు దీనివలన మిక్కిలి బాధపడిరి. నీరు కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. కావున లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించినదేమో పరీక్షింపించి త్రాగవలెను.

రాగులు, పాలు, ఆకుకూరలు భుజింపుడు. కొంతసేపు ఎండ తగులనిండు. ప్రతిదినము నడువుడు. రాత్రివేళ నడవలో దీపముంచి, స్నానపుగదిలో పాచి చేరకుండ చూచుకొనుడు. కట్టుకణములు ముదిమిలోను పనిమానలేదు. వానికి కావలసిన సరకును, పనియును ఇచ్చుట మనవంతు.