పట్నంలో వెలుగులు చూసి వచ్చాం

మన పల్లెల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి బస్సెక్కారంటే చూసినవారు అడిగే మొదటి మాట "ఎవరికి బాగలేదు?" అని. లేదంటే "ఎవరింట్లో పెండ్లి?" అని. ఊరికే, ఏ పనీ లేకుండా, ఇద్దరూ కలిసి ఎక్కడికైనా పోవచ్చునన్న ఆలోచన మనలో చాలామందికి రాదు. హుజూర్‌నగర్ చుట్టుపక్కల సేద్యం చేసుకొనే కుటుంబాల సంగతి చెప్పనే అక్కరలేదు. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలిన నాటి నుండి మన సంవత్సరమంతా కాలువ లెక్కనే నడుస్తుంది. నీళ్ళు వస్తే నారు, నాటు, కలుపు. నీళ్ళు ఆగితే అప్పుల లెక్కలు, పెండ్లిళ్ళు.

మేము హైదరాబాదుకు ఎన్నిసార్లు వెళ్ళామో లెక్క చెప్పగలం, ఎందుకంటే ప్రతిసారీ ఆసుపత్రి చీటీ మీద తేదీ వేసి ఉంది. 2018 చివరలో మా శ్రీమతికి రొమ్ములో గడ్డ కనబడింది. ఆపరేషను, ఆ తరువాత మూడు వారాలకొకసారి మందు ఎక్కించడం, ఆపైన ఇరవై అయిదు రోజులు కరెంటు పెట్టడం. తెల్లవారకముందే కోదాడలో బస్సెక్కడం, చేతిలో ఫైలు సంచి, ఒడిలో వాంతులకు ఒక ప్లాస్టిక్ కవరు. హుస్సేన్‌సాగర్ పక్కనుండి ఎన్నోసార్లు ఆటోలో వెళ్ళాం కాని, ఆమె ఏనాడూ తల ఎత్తి ఆ చెరువు వంక చూడలేదు.

2024 మే నెలలో డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి, ఇక ఏడాదికొకసారి వస్తే చాలునన్నారు. ఇంటికి వచ్చిన నాలుగు రోజులకు, బియ్యం చెరుగుతూ ఆమె అన్న మాట ఇది: "ఈసారి ఫైలు సంచి లేకుండ పట్నం పోయొద్దామండీ. టాంకుబండు మీద బాణాలు కాలుస్తరంట."

అది జూన్ 2వ తేదీ వేడుక సంగతి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది గదా, దానికి పదేళ్ళు నిండిన పండుగ. ఆ రోజు ఆదివారం. రోహిణి కార్తె ఎండ ఇంకా పోలేదు, మృగశిర రాలేదు, కాలువలో నీళ్ళు లేవు. పొలం పని పెట్టుకోవడానికి లేని రోజులు. ఇంతకంటే మంచి సమయం మాకు దొరకదు. ఉదయం మొదటి ఆరాధనకు వెళ్ళి వచ్చి, పులిహోర డబ్బాలో పెట్టుకొని, ఒక గొడుగు పట్టుకొని బయలుదేరాం.

ఖర్చు సంగతి చాలామంది అడుగుతారు కనుక ముందే చెబుతున్నాం. 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ ఇస్తాడు. కాబట్టి ఒక్కరికే చార్జీ. ఎల్బీనగర్‌లో దిగి, అక్కడే మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే, చెరువు కాలినడక దూరం. రాత్రికి బంధువుల ఇల్లు ఉంది. రానుపోను అంతా కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు. ఆసుపత్రికి వెళ్ళిన ఒక్క రోజు ఖర్చులో ఇది ఎన్నో వంతో మీరే ఊహించుకోండి.

హుస్సేన్‌సాగర్‌ను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్వించారు. నాలుగు వందల అరవై ఏళ్ళ నాటి చెరువు. నడుమ నిలిచిన బుద్ధ విగ్రహం 1990 మార్చి 10న తరలిస్తుండగా నీళ్ళలో మునిగిపోయి, కొందరి ప్రాణాలు కూడా తీసింది. 1992 డిసెంబరులో దానిని పైకి తీసి నిలబెట్టారు. ఈ సంగతి చెబితే మా శ్రీమతి, "అంత రాయి రెండేండ్లు నీళ్ళల్ల ఉండి మళ్ళీ లేచిందా?" అని చాలాసేపు అటే చూసింది.

మేము సచివాలయం వైపు ఒడ్డున నిలబడ్డాం. జనం ఇసుక వేస్తే రాలనంత. ఆ ఉదయమే పరేడ్ గ్రౌండ్స్‌లో అందెశ్రీగారి 'జయజయహే తెలంగాణ'ను రాష్ట్ర గీతంగా విడుదల చేశారు. మా పక్కనున్న కుర్రవాళ్ళు దానినే ఫోనులో మళ్ళీ మళ్ళీ వినిపిస్తున్నారు. చీకటి బాగా పడ్డాక ట్యాంక్‌బండ్ వైపు మొదటి జువ్వ లేచింది.

ఒక సంగతి గమనించాం. ఆకాశంలో పువ్వు విచ్చుకుంటుంది, చప్పుడు వెంటనే రాదు. వెలుగు చూసిన తరువాత ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే అప్పుడు ఢామ్మని వినబడుతుంది. కాంతి క్షణంలో వచ్చేస్తుంది, శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది. అంటే మూడు సెకన్లు పడితే కిలోమీటరు దూరమన్నమాట. ఇది చెప్పిన తరువాత మా శ్రీమతి ప్రతి జువ్వకూ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. ఆ వేళ్ళే మందు ఎక్కించిన రోజుల్లో తిమ్మిరెక్కి చొక్కా గుండీ కూడా పెట్టలేకపోయేవి.

రంగులు ఎలా వస్తాయని కూడా అడిగింది. మందు మనకు తెలిసినదే: సురేకారం, గంధకం, బొగ్గు. అందులో కలిపే లోహ లవణాలను బట్టి రంగు. స్ట్రాన్షియం ఎరుపు, బేరియం ఆకుపచ్చ, సోడియం పసుపు, రాగి నీలం. వీటిలో మంచి నీలం తెప్పించడమే కష్టమట, వేడి కాస్త ఎక్కువైతే ఆ రంగు చెదిరిపోతుంది. ఆమెకు మాత్రం నీలమే నచ్చింది.

"ఇవన్నీ ఎవరు చేస్తరు?" అన్నది తరువాతి ప్రశ్న. మన దేశంలో కాల్చే బాణసంచాలో అత్యధిక భాగం తమిళనాడులోని శివకాశిలో తయారవుతుంది. వానలు తక్కువగా పడే మెట్ట ప్రాంతం. 1920ల మొదట్లో అక్కడి నుండి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు అగ్గిపెట్టెల పని నేర్చుకోవడానికి కలకత్తా వెళ్ళి వచ్చారు. అక్కడితో మొదలైన పని ఇది. సేద్యం లేని కూలి కుటుంబాలు చేతులారా మందు దట్టిస్తాయి. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ఒక కార్ఖానా పేలి దాదాపు నలభై మంది చనిపోయారు. ఈ మాట వినగానే ఆమె లెక్కపెట్టడం కాసేపు ఆపేసింది. చెప్పకుండా ఉండవలసిందేమో అని కొందరు అనవచ్చు. కాని ఆమె అడిగింది.

ఇంటి దగ్గర కాల్చుకొనేవారికి ఒక మాట. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో దీపావళికి రాత్రి 8 నుండి 10 వరకు, క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి రాత్రి 11.55 నుండి 12.30 వరకు మాత్రమే కాల్చాలని ఉంది. గుడి మెట్ల మీద పిల్లల చేతికి టపాకాయలిచ్చి పెద్దలు లోపల పాటలు పాడడం మాకు నచ్చదు. కంటిలో రవ్వ పడితే నలపవద్దు, పసరు పోయవద్దు, వెంటనే కంటి డాక్టరు దగ్గరకు తీసుకొని పోండి. చెయ్యి కాలితే ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద పెట్టండి. సిరా, టూత్‌పేస్టు పూయకండి.

వెలుగులన్నీ పట్టుమని పావుగంట కూడా లేవు. జనం కదిలేవరకు ఒక గోడ పక్కన ఆగి, మిగిలిన పులిహోర తిన్నాం. మెట్రోలో ఆమెకు సీటు దొరికింది. కూర్చోగానే అలవాటు కొద్దీ ఒడిలో ఫైలు సంచి కోసం చెయ్యి తడిమి, లేదని గుర్తు వచ్చి నవ్వింది.

మరునాడు మధ్యాహ్నానికి ఊరు చేరాం. ఎవరికి బాగలేదని అడిగినవారికి ఆమె బాణాల కథ చెప్పింది. వారం తిరక్కుండానే వాన మొదలైంది. మా వీధి పిల్లలు ఇప్పుడు మెరుపు మెరిస్తే భయపడి ఇంట్లోకి పరుగెత్తడం లేదు, అరుగు మీద కూర్చొని ఉరుము వచ్చేదాకా వేళ్ళు మడుస్తున్నారు. ఆరు దాకా వస్తే రెండు కిలోమీటర్లని వాళ్ళే చెబుతున్నారు.